భోగి తలంటుకు ఏ బాయిలర్?

జనవరి పద్నాలుగు. ఇంగ్లండ్‌లోని రెడింగ్. ఉదయం ఆరున్నర. బయట ఇంకా చీకటిగానే ఉంది. కారు అద్దాల మీద మంచు పేరుకుంది. మూడు పడకగదుల ఇంట్లో ఆరుగురు మనుషులు. ఉద్యోగాలు చేసుకునే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మానాన్నా. వీధిలో భోగిమంట వేసుకునే వీలెలాగూ లేదు. తలంటు కూడా మానేస్తే పండగేముంది? ఒళ్లంతా నువ్వులనూనె పట్టించుకుని పెద్దాయన మేడమీద షవర్ కింద నిలబడ్డారు. పక్క బాత్రూములో మనవరాలు షవర్ తిప్పింది. కింద వంటింట్లో నానమ్మ పొంగలి గిన్నె కడుగుదామని వేడినీళ్ల పంపు తిప్పారు.

''ఒరేయ్ నానీ, నీళ్లు చల్లగా వస్తున్నాయిరా!'' పైనుంచి కేక.

''అమ్మా, ఆ పంపు కట్టెయ్!'' కొడుకు వంటింట్లోకి పరుగు.

పంపు కట్టేశాక పెద్దాయన నీళ్లు కాస్త వెచ్చబడ్డాయి. కానీ ధార సన్నగానే వస్తోంది, నూనె వదలడం లేదు. పక్క బాత్రూములోంచి మనవరాలి కేక. ఇంకో ముప్పావుగంటకు స్నానాలన్నీ అయ్యేసరికి హాల్లో రేడియేటర్లు చల్లగా అయిపోయాయి. తలంట్లు పోసుకున్నవాళ్లంతా శాలువాలు కప్పుకుని కూర్చున్నారు.

ఊహించుకున్న ఇల్లే అయినా, బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి ఆ కేక కొత్త కాదు. తప్పు పంపుదీ కాదు, షవర్‌దీ కాదు. వంటింటి గోడకు బీరువా అంత తెల్లగా వేలాడుతున్న ఓ పెట్టె ఉందే, దానికి ఒకేసారి మూడు పనులు చెప్పారు. అది ఒక్కటే చేయగలదు.

టూ ఇన్ వన్ పెట్టె

ఒకప్పుడు మన ఇళ్లల్లో 'టూ ఇన్ వన్' అని ఉండేది. రేడియో, టేప్‌రికార్డర్ కలిపి ఒకే పెట్టె. కొన్నరోజు ఎంత సంబరమో! ఒక్క వస్తువు చోటు చాలు, ఒక్క ప్లగ్గు చాలు. క్యాసెట్ టేపు చుట్టుకుపోయి రిపేరుకు ఇచ్చినరోజు మాత్రం అసలు సంగతి తెలిసేది. పాటలతోపాటు ఆకాశవాణి వార్తలు కూడా షాపుకెళ్లి కూర్చున్నాయని!

చలిదేశాల్లో ఇంటికి బాయిలర్ పెట్టించేటప్పుడు ఎదురయ్యే ప్రశ్న అచ్చం ఇదే. అన్నీ ఒకే పెట్టెలో ఉన్నది కొనాలా, దేనికది విడిగా పెట్టించుకోవాలా? రేడియో మూగబోతే పక్కింట్లో వార్తలు వినొచ్చు. జనవరిలో ఇంటి వేడి, స్నానం నీళ్లు రెండూ ఒకేసారి ఆగిపోతే పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ముందు అసలు ఏర్పాటేమిటో చూద్దాం. బ్రిటన్‌లో పది ఇళ్లలో ఎనిమిదింటికి వేడినిచ్చేది గ్యాసే. బాయిలర్ నీళ్లను వేడి చేస్తుంది. చిన్న మోటారు ఆ నీళ్లను గొట్టాల్లోంచి గదిగదిలోని రేడియేటర్లకు తోస్తుంది. వేడి గదికి ఇచ్చేసి చల్లబడ్డ నీళ్లు మళ్లీ బాయిలర్‌కే వస్తాయి. తిరిగే నీళ్లు ఎప్పుడూ అవే. స్నానానికీ గిన్నెలకీ ఇవి పనికిరావు. (అమెరికాలో ఉన్న బావగారి సలహా ఇక్కడ చెల్లదు. అక్కడ చాలా ఇళ్లలో గదుల్లోకి వచ్చేది వేడిగాలి. అది వేరే కథ.) మరి పంపుల్లోకి వేడినీళ్లెలా? అక్కడే దారి రెండుగా చీలుతుంది.

మొదటిది పాత పద్ధతి. మేడమీద ఓ అరలో నిలువెత్తు వేడినీళ్ల ట్యాంకు. దాన్ని అక్కడ సిలిండర్ అంటారు. మనకు సిలిండర్ అనగానే గ్యాస్ బండ గుర్తొస్తుంది కాబట్టి కొత్తగా వెళ్లినవాళ్లు ఇంటి ఏజెంటు మాట విని కంగారుపడటం మామూలే. ఇందులో ఉండేది నీళ్లే. లోపల చుట్టలుగా తిరిగిన గొట్టంలోంచి బాయిలర్ వేడినీళ్లు ప్రవహిస్తాయి. ఆ వేడికి ట్యాంకులోని మంచినీళ్లు కాగుతాయి. పాత ఇళ్లలో దీనికి చన్నీళ్లు అటకమీది తొట్టి నుంచి వచ్చేవి, అందుకే షవర్ ధార బలహీనంగా ఉండేది. ఇప్పటి సిలిండర్లు నేరుగా వీధి గొట్టం ఒత్తిడి మీదే పనిచేస్తాయి. ట్యాంకు ఉన్న అర ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది గనుక బట్టలు ఆరేసుకునేవారు. దానికి పేరే ఎయిరింగ్ కప్‌బోర్డ్.

రెండోది కాంబీ బాయిలర్. కాంబినేషన్‌కు ముద్దుపేరు. ట్యాంకు లేదు, తొట్టి లేదు. పంపు తిప్పగానే లోపల ఓ వాల్వు పక్కకు తిరిగి, రేడియేటర్లకు వెళ్లే వేడిని స్నానం నీళ్లవైపు మళ్లిస్తుంది. అరచేతి వెడల్పున పొరలుపొరలుగా పేర్చిన లోహపు రేకుల మధ్య నుంచి చన్నీళ్లు వెళ్లి వేడినీళ్లుగా బయటికొస్తాయి. పంపు కట్టేస్తే వాల్వు మళ్లీ రేడియేటర్లవైపు తిరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే మొదటిది స్టోరేజ్ గీజర్, రెండోది ఇన్‌స్టంట్ గీజర్.

అన్నట్టు ఆ గీజర్ మాట పుట్టింది కూడా ఆ దేశంలోనే. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం చేసి, ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట పేరు దానికి పెట్టారు. జర్మనీలోని రెంషైడ్‌లో వైలాంట్ కంపెనీ 1967లో ఇల్లు వెచ్చబెట్టడం, నీళ్లు కాచడం రెండూ కలిపిన గోడపెట్టెను 'కాంబీ గీజర్' పేరుతో తెచ్చింది. ఆ మాట ఇప్పుడు మన చీరాలలోనూ చెన్నూరులోనూ బాత్రూము గోడ మీదుంది. ఇంగ్లండ్‌లో మాత్రం ఎవరితోనైనా గీజర్ అంటే, ఆ ఉచ్చారణ విని ముసలాయన గురించి మాట్లాడుతున్నారేమో అనుకుంటారు.

పది లీటర్ల లెక్క

కాంబీకి అంత గిరాకీ ఎందుకు? చోటు. ఇంగ్లండ్‌లో ఇళ్లు చిన్నవి. ట్యాంకు తీసేస్తే ఓ అర ఖాళీ అవుతుంది, అటకమీది తొట్టి పోతుంది. ట్యాంకులో నీళ్లు ఊరికే చల్లబడిపోయే నష్టమూ ఉండదు. మంచి కొత్త ట్యాంకు కూడా రోజుకు సుమారు ఒకటిన్నర యూనిట్ల వేడిని ఊరికే వదిలేస్తుంది. పైగా కాంబీలో నీళ్లు 'అయిపోవడం' అనేది లేదు. గంటసేపు నిలబడ్డా వస్తూనే ఉంటాయి. పెట్టించడం కూడా చౌక. ఒక బాత్రూము ఉన్న ఫ్లాటులో ఇద్దరో ముగ్గురో ఉంటే దీన్ని మించిన ఏర్పాటు లేదు. అక్కడ ట్యాంకు పెట్టించుకోమని చెప్పేవాళ్లుంటే వాళ్లకు ట్యాంకుల వ్యాపారం ఉందేమో చూసుకోవాలి.

చిక్కల్లా రెండో పంపు తిప్పినప్పుడే. లెక్క కష్టమేం కాదు. చలికాలంలో అక్కడి వీధి గొట్టం నీళ్లు 8 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 కావాలి. అంటే ప్రతి లీటరునూ 32 డిగ్రీలు పెంచాలి. ఇళ్లలో మామూలుగా కనిపించే 24 కిలోవాట్ల కాంబీ తన శక్తంతా పెడితే నిమిషానికి పదీ పదకొండు లీటర్లు ఇవ్వగలదు. ఒక షవర్‌కు అది సరిపోతుంది. రెండు తిప్పితే చెరి ఐదు. మూడో పంపు తిప్పితే తాతగారి నూనె వదలదు. 35 కిలోవాట్లది పెట్టించుకుంటే పదిహేను లీటర్ల దాకా వస్తాయి. అదీ వీధి గొట్టంలో అన్ని నీళ్లు వస్తుంటేనే.

ఇక ట్యాంకు సంగతి. 210 లీటర్ల సిలిండర్‌లో 60 డిగ్రీల నీళ్లున్నాయనుకుంటే, చన్నీళ్లు కలుపుకొంటే దాదాపు 340 లీటర్ల స్నానం నీళ్లవుతాయి. షవర్ కింద ఏడెనిమిది నిమిషాలు నిలబడేవాళ్లు నలుగురైదుగురికి వస్తాయి. రెండు షవర్లూ ఒకేసారి తిప్పుకోవచ్చు. కానీ ఆరోవాళ్లకు? అరగంటో ముప్పావుగంటో ఆగాలి, మళ్లీ కాగేదాకా. కాంబీలో వరస కట్టాలి, ట్యాంకులో ఆఖరివాళ్లు ఆగాలి. ఇబ్బంది లేని ఏర్పాటంటూ లేదు, ఏ ఇబ్బంది మీ ఇంటికి తక్కువన్నదే తేల్చుకోవాలి.

ఇక్కడ నానమ్మ దగ్గర ఓ ఉపాయం ఉంది. బకెట్టు, చెంబు! ఇరవై లీటర్ల బకెట్టు కాంబీ కింద రెండు నిమిషాల్లో నిండుతుంది. ఒకరి బకెట్టు నిండుతుంటే ఇంకొకరు స్నానం చేస్తుంటారు. ట్యాంకైతే పదిహేడు బకెట్లు. కాంబీ కనిపెట్టినవాళ్లకు తెలియకపోయినా అది బకెట్టు స్నానానికి పుట్టినట్టే ఉంటుంది. కాకపోతే బ్రిటన్ బాత్రూముల్లో నేలకు తూము ఉండదు. బకెట్టుతో స్నానమంటే ఆ బాత్‌టబ్బులోకి దిగి కూర్చుని చేయాల్సిందే. డెబ్బయ్యేళ్ల మోకాళ్లతో ఆ అంచు దాటడమంటే మాటలా!

గాడిపొయ్యి మీద టీ

కాంబీలో బయటికి కనిపించని ఇంకో తేడా ఉంది. రెడింగ్‌లో అలాంటి ఓ మోస్తరు ఇంటిని, గట్టి చలిరోజున కూడా, వెచ్చగా ఉంచడానికి 6 నుంచి 8 కిలోవాట్లు చాలు. మరి 24, 30 పెట్టించేది ఎందుకు? షవర్ కోసం. రోజుకు అరగంట వాడే పనికోసం తెచ్చిన యంత్రాన్ని మిగతా గంటలన్నీ చిన్నపనికి వాడాలి. పెళ్లివంటకు తవ్విన గాడిపొయ్యి మీద రెండు కప్పుల టీ పెట్టినట్టు. మంట తగ్గించే వీలున్నా దానికో అడుగు హద్దు ఉంటుంది. అక్టోబరులో చలి అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. పాత కాంబీలు ఏడెనిమిదికన్నా కిందికి దిగవు. అందుకే వెలగడం, నాలుగు నిమిషాల్లో ఆగిపోవడం, మళ్లీ వెలగడం. గ్యాస్ వృథా, భాగాలకూ అరుగుదల. కొత్తవాటిలో మంట ఇంకా బాగా తగ్గుతుంది. కొనేటప్పుడు ఎంత గరిష్ఠం అని అడిగేవాళ్లే గానీ ఎంత కనిష్ఠం అని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సింది అదీ.

అయితే గ్యాస్ పొదుపు దగ్గర కాంబీకి ఓ మంచి మార్కు వేయాలి. 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో పెట్టించే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ 'కండెన్సింగ్' రకానివే అయ్యుండాలన్నారు. పొగలో ఆవిరిగా పోయే వేడిని కూడా పట్టుకునే రకం. కానీ రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీలకన్నా చల్లగా ఉంటేనే ఆ ఆవిరి నీరవుతుంది. బాయిలర్‌ను 75 మీద పెట్టుకుని కూర్చుంటే ఆ డబ్బు పొగగొట్టంలోంచి పోతూనే ఉంటుంది. కాంబీలో రేడియేటర్లకు వేరే మీట, పంపు నీళ్లకు వేరే మీట ఉంటాయి గనుక రేడియేటర్లవి 60కో 55కో దించేసుకోవచ్చు. ట్యాంకు ఉన్న ఇంట్లో అంత తేలిక కాదు. నిలవ నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగకుండా ట్యాంకును 60 డిగ్రీలకు తేవాలి. ట్యాంకుకు వేడిగా, రేడియేటర్లకు గోరువెచ్చగా నీళ్లు పంపే తెలివి ఉన్న కంట్రోళ్లు ఉన్నాయి. చెప్పి మరీ పెట్టించుకోవాలి. లేకపోతే రెండింటికీ ఒకే వేడి.

చెడిపోయిన రోజు

ఇక అసలు విషయం. గోడమీది పెట్టె మూత తీస్తే ఏముంటాయి? గాలి పీల్చే ఫ్యాను, గ్యాస్ వాల్వు, నీళ్లు తోసే పంపు, అటూఇటూ తిరిగే వాల్వు, రేకుల పెట్టె, వీటన్నిటినీ నడిపించే సర్క్యూట్ బోర్డు, వెనకెక్కడో గోడకానుకుని ఓ గాలితిత్తి. అన్నీ ఒకదాని మీద ఒకటి ఇరికించినట్టుంటాయి. ఏ ఒక్కటి మొరాయించినా చాలాసార్లు రెండు పనులూ ఆగిపోతాయి.

ఉదాహరణకు ఆ తిత్తి. నీళ్లు వేడెక్కితే పొంగుతాయి. వంద లీటర్లున్న రేడియేటర్ల వరసలో రెండు మూడు లీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగిన నీళ్లకు చోటిచ్చేదే ఈ తిత్తి. ఓవైపు నీళ్లు, మధ్యలో రబ్బరు పొర, అటువైపు గాలి. ఏళ్లు గడిచేకొద్దీ గాలి తగ్గిపోతుంది. అప్పుడు బాయిలర్ వెలగగానే గేజి సూది జర్రున పైకి లేస్తుంది. 3 బార్ దాటగానే సేఫ్టీ వాల్వు తెరుచుకుని నీళ్లు బయటి గోడమీదుగా కారిపోతాయి. చల్లారాక చూస్తే సూది సున్నా దగ్గర. బాయిలర్ మొండికేస్తుంది. ఇంటాయన కింది కొళాయి తిప్పి నీళ్లు నింపుతాడు. మర్నాడు మళ్లీ అదే. చివరికి ప్లంబర్ వస్తాడు. వెనకున్న తిత్తి మార్చాలంటే పెట్టె మొత్తం గోడనుంచి దించాలి. అందుకని చాలామంది ప్లంబర్లు ఏం చేస్తారో తెలుసా? పెట్టెకు బయట, గొట్టానికి ఓ కొత్త తిత్తి విడిగా తగిలించి వెళ్లిపోతారు. అన్నీ ఒకదాంట్లోనే ఉండాలని కొన్న పెట్టె పక్కన ఎర్రరంగు గుమ్మడికాయలా ఓ విడిభాగం! బాగా పనిచేస్తుంది కూడా.

రెండోది సున్నం. లండన్, దాని చుట్టుపక్కల ఆగ్నేయ ఇంగ్లండ్ నీళ్లలో సున్నం జాస్తి. రెడింగ్ కూడా అందులోదే. మన బోరునీళ్ల ఊళ్లలో గీజర్ కాయిల్‌కు తెల్లగా పెచ్చు కట్టినట్టే అక్కడా కడుతుంది. ట్యాంకులో లోపలి గొట్టాల మీద అది పేరుకోవడానికి చోటెక్కువ, ప్రభావం కనపడటానికి ఏళ్లు పడుతుంది. కాంబీలో ఆ పల్చటి రేకుల సందులే దారి. కాస్త పేరుకున్నా ధార తగ్గి, నీళ్లు ఓసారి వేడిగా ఓసారి చల్లగా వస్తాయి. మాంచెస్టర్, గ్లాస్గోలలో ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. అక్కడి నీళ్లు మెత్తన. స్నేహితుడి ఇంట్లో పదేళ్లు నడిచింది కదా అని అదే రకం కొనేముందు ఆ స్నేహితుడు ఏ ఊళ్లో ఉన్నాడో చూసుకోవాలి.

విడివిడిగా ఉంటే చెడిపోవని కాదు. అక్కడా మోటారు వాల్వులు ఇరుక్కుంటాయి, పంపు కాలిపోతుంది. అతుకులెక్కువ గనుక కారే చోట్లూ ఎక్కువే. వైరింగు చూస్తే బుర్ర తిరుగుతుంది. కానీ పంపు చెడితే పంపు ఒక్కటే మారుస్తారు, అదీ ఏ ప్లంబింగ్ షాపులోనైనా దొరికేదే. కాంబీలో భాగాలు ఆ కంపెనీవే, ఆ మోడల్‌వే కావాలి. పన్నెండేళ్లు నడిచిన పెట్టెకు భాగం దొరక్కపోతే వందల పౌండ్ల రిపేరు కాస్తా వేల పౌండ్ల కొత్త బాయిలర్ అవుతుంది.

అన్నిటికన్నా పెద్ద తేడా ఒక స్విచ్చు. సిలిండర్‌లోకి మామూలుగా 3 కిలోవాట్ల కరెంటు హీటర్ ఒకటి దించి ఉంటుంది. మన బకెట్లో వేసే హీటర్ కడ్డీకి పెద్దన్నలాంటిది. బాయిలర్ చచ్చిపోయినా ఆ స్విచ్చు వేస్తే నాలుగ్గంటల్లో ట్యాంకు నిండా వేడినీళ్లు. కరెంటు ఖరీదే, గ్యాస్‌కన్నా ఎన్నో రెట్లు. కానీ ఆ రోజు లెక్క చూసుకునే రోజు కాదు.

2010 డిసెంబరులో బ్రిటన్‌లో వందేళ్లలో ఎరుగనంత చలి డిసెంబరు వచ్చింది. కండెన్సింగ్ బాయిలర్లలో ఆవిరి నీరైతే అది ఓ సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి ఇంటి బయటికి కారుతుంది. ఆ గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయి. దారి మూసుకుపోయి, బాయిలర్లు వాటంతటవే ఆగిపోయాయి. కాంబీ అయినా ఏదైనా ఆగింది. ప్లంబర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. నిజానికి చాలా ఇళ్లలో ఆ గొట్టం మీద చెంబెడు గోరువెచ్చటి నీళ్లు పోసి, బాయిలర్‌ను మళ్లీ ఆన్ చేస్తే సరిపోయేది. మరిగే నీళ్లు మాత్రం పోయకూడదు, గొట్టం పగులుతుంది. ఆ చెంబెడు నీళ్లు కూడా కెటిల్‌లో కాచుకోవాల్సి వచ్చింది కాంబీ ఇళ్లవాళ్లకు. ట్యాంకు ఉన్నవాళ్లకు స్నానాలకు మాత్రం లోటు రాలేదు.

మళ్లీ ట్యాంకు కావాలట!

రెడింగ్ ఇంటికి తిరిగొద్దాం. ఆ ఇల్లు కొన్నప్పుడు మేడమీద ఎయిరింగ్ కప్‌బోర్డ్, అందులో రాగి సిలిండర్ ఉండేవి. పాత బాయిలర్ పోయినప్పుడు ప్లంబర్ ''ఈ ట్యాంకెందుకు సార్, పీకేద్దాం'' అన్నాడు. పీకేశారు. ఖాళీ అయిన అర చక్కగా తూర్పుముఖంగా ఉంది. ఇల్లాలు దాన్ని పూజగది చేసుకున్నారు. చిన్న మండపం, వెంకటేశ్వరస్వామి పటం, ఎల్‌ఈడీ దీపాలు. పదేళ్లు గడిచాయి.

ఇప్పుడు గ్యాస్ మానేసి హీట్‌పంప్ పెట్టించుకుందామన్న ఆలోచన వచ్చింది. బయటి గాలిలోంచి వేడిని లాక్కొచ్చి ఇంట్లోకిచ్చే యంత్రం అది. మన ఏసీకి తిరగేసిన పని. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, బాగా పెట్టిస్తే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం 2022లో దీనికి సాయం మొదలుపెట్టి, 2023 అక్టోబరులో దాన్ని 7,500 పౌండ్లకు పెంచింది. కొలతలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న: ''సిలిండర్ ఎక్కడ పెట్టమంటారు?''

ఎందుకంటే ఇలాంటి ఇంటికి పెట్టే హీట్‌పంప్ శక్తి ఏడెనిమిది కిలోవాట్లు. నింపాదిగా రోజంతా పనిచేసే రకం. షవర్ తిప్పగానే 24 కిలోవాట్లు విదల్చమంటే దానివల్ల కాదు. నీళ్లు ముందే కాచి దాచుకోవాల్సిందే. అంటే కాంబీ పోయి ట్యాంకు మళ్లీ రావాలి. స్వామివారిని ఎక్కడికి మార్చాలి?

సిలిండర్ ఉంచుకున్న ఇళ్లవాళ్లకు ఈ తంటా తక్కువ. పాత ట్యాంకే పనికొస్తుందని మాత్రం అనుకోకూడదు. హీట్‌పంప్ నీళ్లు గ్యాస్ బాయిలర్ నీళ్లంత వేడిగా ఉండవు గనుక లోపలి చుట్ట చాలా పెద్దది కావాలి. ట్యాంకు మారుతుంది. మిగిలేది ఆ చోటు, అక్కడిదాకా వచ్చిన గొట్టాలు. వాటి విలువ పీకేసిననాడు ఎవరూ లెక్కేయలేదు.

హీట్‌పంపుల్లోనూ అదే పాత ప్రశ్న కొత్త వేషంలో వస్తుంది. మన విండో ఏసీ, స్ప్లిట్ ఏసీ తేడా గుర్తుందిగా. 'మోనోబ్లాక్' రకంలో చల్లబరిచే గ్యాసంతా ఫ్యాక్టరీలోనే సీలు చేసి బయటి పెట్టెలోనే ఉంటుంది. ఇంట్లోకి వచ్చేవి నీళ్ల గొట్టాలే. స్ప్లిట్‌లో ఆ గ్యాసు గొట్టాలు ఇంట్లోదాకా వస్తాయి. అవి బిగించడానికి ఆ గ్యాసుకు ప్రత్యేకంగా అర్హత ఉన్న పనివాడు కావాలి. ఇక్కడ మాత్రం అన్నీ ఒక్కచోటే ఉన్న మోనోబ్లాకే ఇళ్లకు నయం. ఎందుకంటే కలిపి ఉంచినవి ఒకే పనికి సంబంధించినవి. ఫ్రిజ్ వెనక గొట్టాలను ఎవరం విడిగా కొనం కదా. లోపలికి వచ్చేసరికి కథ మళ్లీ మారుతుంది. నిలువెత్తు ఫ్రిజ్‌లా ఉండే పెట్టెలో 180 లీటర్ల ట్యాంకు, పంపు, వాల్వులు, తిత్తి, కంట్రోళ్లు అన్నీ ఇమిడ్చి అమ్ముతున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒక్కరోజులో బిగిస్తారు, తప్పుగా బిగించే వీలు తక్కువ. పనివాళ్లకు ఇంకా అలవాటు కాని ఊళ్లలో అది చిన్న లాభం కాదు. కానీ ఆరుగురున్న ఇంటికి 180 లీటర్లు చాలవు. పైగా ఇరవై పాతికేళ్లు ఉండే ట్యాంకును, పదిహేనేళ్లకు పాతబడే సర్క్యూట్ బోర్డుతో కలిపి ఒకే తొడుగులో పెట్టడమంటే, బోర్డు దొరకని రోజున ట్యాంకు కూడా దానితోపాటు వెళ్లాల్సి రావచ్చు.

పూజగది ఉన్న ఇంటాయనకు చివరికి కుదిరింది ఇదీ: మోనోబ్లాక్ బయట పెరట్లో, 250 లీటర్ల ట్యాంకు విడిగా మెట్లకింది అరలో. చెప్పుల స్టాండు, వాక్యూమ్ క్లీనర్, హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన సూట్‌కేసులు అటకెక్కాయి. స్వామివారు కదల్లేదు.

బకెట్టు పరీక్ష

బాయిలర్ మార్చబోయేవాళ్లు అమ్మకందారు రాకముందే వంటింట్లో ఓ చిన్న పరీక్ష చేసుకోవచ్చు. పది లీటర్ల బకెట్టును చన్నీళ్ల పంపు పూర్తిగా తిప్పి నింపండి, గడియారం చూడండి. అరనిమిషంలో నిండితే నిమిషానికి ఇరవై లీటర్లు వస్తున్నట్టు, మంచిదే. నిమిషం పట్టిందంటే వీధిలోంచి వచ్చేదే పది లీటర్లు. అప్పుడు 35 కిలోవాట్ల కాంబీ కొన్నా, కొత్తరకం సిలిండర్ కొన్నా రెండు షవర్లు గట్టిగా రావు. ముందు ఆ గొట్టం సంగతి చూడాలి. ఈ పరీక్ష చేయకుండానే పెద్ద బాయిలర్ అంటగట్టే అమ్మకందారులు ఎక్కడైనా ఉంటారు.

పనివాడి విషయంలో మొహమాటం పనికిరాదు. గ్యాస్ బాయిలర్ ముట్టుకునేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలి. 2009 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం అది. కార్డు చూపించమనడం తప్పు కాదు. వీధి ఒత్తిడి మీద పనిచేసే సిలిండర్‌కూ వేరే అర్హత కావాలి. దాని సేఫ్టీ వాల్వును ఏటా చూపించాలి. ఇక చదువుకోవడానికి వెళ్లి నలుగురైదుగురు కలిసి అద్దెకుండే పిల్లలకు ఇదంతా ఎంచుకునే అవకాశమే లేదు. కానీ అక్కడి చట్టం ప్రకారం హీటింగ్, వేడినీళ్లు బాగుచేయించే బాధ్యత ఇంటి యజమానిది. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి ఆ కాగితం ఇవ్వాల్సిందీ ఆయనే. చలికి కోట్లేసుకుని పడుకుని, ఇంటికి ఫోన్ చేసి ''అంతా బాగానే ఉందమ్మా'' అనేకన్నా ఇంటాయనకు ఓ ఈమెయిల్ పెట్టడం మంచిది.

ఇంట్లో సిలిండర్ ఉంటే ఆ కరెంటు హీటర్ స్విచ్చు ఎక్కడుందో ఇవాళే వెతికి పెట్టుకోండి. సాధారణంగా ట్యాంకు పక్కనే, ఎర్రలైటుతో ఉంటుంది. ఏడాదికోసారి వేసి చూడండి, పనిచేస్తోందో లేదో. కాంబీ ఉన్నవాళ్లు సెప్టెంబరు మొదటివారంలో, ఇంకా ఎండ ఉండగానే, ఓ గంటసేపు రేడియేటర్లు వెలిగించి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు గేజి సూది ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉండి, వెలిగాక రెండు దాటకపోతే సరే. మూడు దగ్గరికి పరుగెడితే తిత్తిలో గాలి పోయినట్టే. సెప్టెంబరులో అయితే ప్లంబర్ మర్నాడే వస్తాడు.